మన ఘాటీలో యంత్రాలు బండెక్కిన కథ

ర్యాంపు అనగానే గోదావరి జిల్లాల్లో ఉన్న మన చుట్టాలకి ఇసుక ర్యాంపు గుర్తొస్తుంది. కోరాపుట్, రాయగడ వైపు స్థిరపడిన మన కుటుంబాలకి మాత్రం గుర్తు రావలసింది లారీ. వెనక డాలా దింపి, రెండు మందపాటి పలకలు ఆనించి, వాటి మీదుగా ఒక బరువైన యంత్రాన్ని మెల్లగా పైకి నడిపించే దృశ్యం. రైసుమిల్లు ఇంజను కావచ్చు, రోడ్డు రోలరు కావచ్చు, ట్రాక్టరు కావచ్చు. క్రేన్లు అందుబాటులోకి రాకముందు ఈ కొండల్లోకి వచ్చిన బరువులు చాలామటుకు ఇలాంటి ఏదో ఒక వాలు మీదుగానే వచ్చాయి.

మన పెద్దవాళ్ళు ఈ ప్రాంతానికి ఎందుకు వచ్చారు, ఏ వ్యాపారం పెట్టారు, ఏ గుడి కట్టించారు అని చాలా ఇళ్ళల్లో రాసి పెట్టుకున్నారు. ఆ మిల్లులోకి యంత్రం ఎలా చేరింది, దాన్ని బండి మీదికి ఎవరు ఎక్కించారు అన్నది ఎవరూ రాయలేదు. ఈసారి ఆ సంగతి చెప్పుకుందాం.

ఎద్దు వీపు మీద పట్టేంత బరువే

జైపూర్ జమీందారీ అప్పట్లో మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక కోరాపుట్ జిల్లా అటు వెళ్ళింది. రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి అన్నీ 1992 అక్టోబరు దాకా ఆ ఒక్క జిల్లాలోనివే. అంటే మన తాతలు రాష్ట్రం దాటి రాలేదు, ఒకే జిల్లాలో కిందనుంచి పైకి వచ్చారు. ఈ "పైకి" అన్న మాటలోనే అసలు కష్టం ఉంది. సాలూరు సముద్రమట్టానికి 120 మీటర్ల లోపు ఎత్తులో ఉంటుంది. కోరాపుట్ దాదాపు 870 మీటర్లు. మధ్యలో తూర్పు కనుమలు.

రోడ్డు లేని రోజుల్లో బ్రింజారీలు, అంటే లంబాడీలు, ఎద్దుల మందలతో ఉప్పు పైకి తెచ్చి ధాన్యం కిందికి తీసుకెళ్ళేవారు. బండ్లు లేవు. వీపు మీద ఇటో సంచి, అటో సంచి. ఆ రవాణాకి ఒక హద్దు ఉంది. వేయి ఎద్దులున్నా సరే, ఒక్క వస్తువు బరువు మాత్రం ఒక్క ఎద్దు మోసేంతే ఉండాలి. ఉప్పుని ముక్కలు చేసి తేవచ్చు, ఇంజను ఫ్లైవీలుని ముక్కలు చేయలేం కదా. కాబట్టి రోడ్డు రానంతకాలం యంత్రమూ రాలేదు.

ఘాటీ రోడ్డు కూడా ఒక ర్యాంపే

19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా బండ్లు నడిచే ఘాట్ రోడ్డు తయారైంది. ఇప్పుడు మనం 26వ నంబరు జాతీయ రహదారి అంటున్నదీ, నిన్నమొన్నటిదాకా 43 అన్నదీ ఆ దారి వారసురాలే. దీన్ని ఇంజనీరు కళ్ళతో చూస్తే, ఇది సుమారు 80 కిలోమీటర్ల ర్యాంపు. 750 మీటర్ల ఎత్తుని ఒక్కసారి ఎక్కలేం గనక, కొండ ఒంటికి చుట్టలు చుట్టి, ఎత్తుని పొడవుగా మార్చారు. ఎత్తు తగ్గదు. దూరం పెరుగుతుంది, ఎద్దు మెడ మీద భారం తగ్గుతుంది. లారీ వెనక పెట్టే పలక చేసే పని కూడా సరిగ్గా ఇదే.

అయితే ఈ దార్లు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో మరచిపోకూడదు. ఏజెన్సీలో రోడ్డు పని అంటే వెట్టి అన్న రోజులవి. మనకి పొరుగునే ఉన్న గూడెం కొండల్లో డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మొదలైన తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో అది ఒకటి. మనకి సౌకర్యమైన వాలు ఇంకొకరికి వెన్ను విరిగిన పని. ఈ మాట ముందే చెప్పుకుంటే మిగతా కథ సరిగ్గా అర్థమవుతుంది.

గుంత, దిబ్బ, పలక

రోడ్డు వచ్చింది, బండి వచ్చింది. ఇక బండిలోకి బరువెలా ఎక్కించాలి? మా ఇంట్లో పెద్దలు ధాన్యం వ్యాపారంలో ఉండేవారు గనక హల్లరు మిల్లుల కబుర్లు మాకు బాగా అలవాటు. ఆ రోజుల్లో మిల్లు అంటే ఆయిల్ ఇంజను. పోత ఇనుముతో చేసిన మందపాటి ఒళ్ళు, పక్కన పెద్ద ఫ్లైవీలు. ఫ్లైవీలు విప్పేసినా మిగిలిన దిమ్మని పదిమంది కలిసి పట్టుకోవడానికి చోటే ఉండదు. బలం లేక కాదు, చేతులు పెట్టడానికి జాగా లేక. అలాంటి వస్తువుని బండెక్కించడానికి మూడు దార్లు ఉండేవని మావాళ్ళు చెప్పేవారు.

మొదటిది గుంత. బరువుని ఎత్తే బదులు బండిని దించడం. బండి చక్రాలు దిగేలా నేలలో రెండు గుంతలు తవ్వి, బండిని వెనక్కి తోసి అందులో కూర్చోబెడతారు. బండి తట్టు నేలకి దగ్గరవుతుంది. దుంగల మీద దొర్లించుకుంటూ వచ్చిన ఇంజను నాలుగడుగులు ఎక్కాల్సింది ఒకటిన్నర అడుగే ఎక్కుతుంది. తర్వాత గుంత ముందువైపు వాలుగా చెక్కి, రెండు జతల ఎద్దులు కట్టి బయటికి లాగుతారు.

రెండోది దిబ్బ. బండి అంత ఎత్తుకి మట్టిని పోసి దిమ్మిస కొట్టడం, లేదా ఊరి పక్కన సహజంగా ఉన్న గట్టుని వాడుకోవడం. కొండ ప్రాంతం కదా, గట్టుకి కరువా! మన వైపు పాత మిల్లులు, గొడౌన్లు రోడ్డుకంటే మూడు నాలుగడుగుల ఎత్తు అరుగు మీద కట్టి ఉంటాయి, గమనించారా? వర్షం నీరు రాకుండా అని ఒక కారణం. లారీ తొట్టి, గొడౌను నేల ఒకే మట్టంలో ఉంటే బస్తా మోసే మనిషి ఎక్కనక్కర్లేదు, దిగనక్కర్లేదు, నేరుగా నడిచిపోతాడన్నది రెండో కారణం.

మూడోది పలక. ఇది ఎక్కడికైనా తీసుకెళ్ళగలిగిన ర్యాంపు. సాల చెక్క పలకలంటే ఎక్కువ నమ్మకం, ఎందుకంటే అది బరువుకి వంగినా చప్పున విరగదు. దీని లెక్క సులువు. లారీ తొట్టి సుమారు నాలుగడుగుల ఎత్తు. టన్ను బరువుని నిలువుగా ఎత్తాలంటే టన్ను బలమూ పెట్టాలి. 12 అడుగుల పలక వేస్తే అందులో మూడో వంతు చాలు. 8 అడుగుల పలక వేస్తే సగం కావాలి. రాపిడి దీనికి అదనం, దాన్ని తగ్గించడానికే కింద గుండ్రటి దుంగలో, ఇనప గొట్టాలో వేసేవారు. బడి మెట్లెక్కని మేస్త్రీకి కూడా ఈ లెక్క తెలుసు. "పలక పొడుగుంటే పని సులువు, పొట్టిగుంటే పీక మీదకి" అనేవారట.

గుండ్రటి వస్తువులకి ఇంకో ఉపాయం ఉండేది. రోడ్ల కోసం తారు పీపాలు వచ్చేవి, ఒక్కొక్కటి ఒకటిన్నర క్వింటాలు పైమాటే. రెండు తాళ్ళ కొసలు లారీ తొట్టికి కట్టి, ఆ తాళ్ళని పీపా కిందనుంచి తిప్పి మళ్ళీ పైకి తెచ్చి, తొట్టిలో నిలబడ్డ ఇద్దరు లాగుతారు. పీపా తాళ్ళ మధ్యలో దొర్లుతూ పలకల మీదుగా పైకి వస్తుంది. పీపాయే ఒక కప్పీలా పనిచేస్తుంది గనక లాగే బలం మళ్ళీ సగానికి తగ్గుతుంది. వాలు ఇచ్చిన లాభం ఒకటి, తాడు ఇచ్చిన లాభం ఇంకొకటి.

రాయగడకి రైలు వచ్చాక

రాయగడ కథ కొంచెం వేరు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ వెళ్ళే బెంగాల్ నాగపూర్ రైల్వే లైను 1930ల మొదట్లో పూర్తయింది. దాంతో రాయగడకి బరువులు ఘాటీ ఎక్కకుండానే రావడం మొదలైంది. 1930ల్లోనే అక్కడ జైపూర్ షుగర్ కంపెనీ పుట్టింది. తర్వాత అది వెలగపూడి రామకృష్ణ గారి కుటుంబం చేతుల్లో నడిచింది. చాగల్లు చక్కెర మిల్లు కూడా అప్పట్లో ఆ కంపెనీదే. చెరకు పిండే రోలర్లు, బాయిలర్లు ఒక్కొక్కటి టన్నుల బరువు. 1960ల్లో జేకేపూర్ కాగితం మిల్లు, తెరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చాయి. వీటన్నిటికీ రైలు మార్గమే ఆధారం.

రైలు వచ్చినచోట ర్యాంపు శాశ్వత కట్టడం అవుతుంది. గూడ్సు షెడ్డు ప్లాట్‌ఫారం వ్యాగను నేలకి దగ్గరగా, మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. దాని ఒక చివర రోడ్డు వైపు వాలుగా దిగుతుంది. కొన్ని స్టేషన్లలో పట్టాలు ఆగిపోయేచోట ప్రత్యేకంగా ఒక దిబ్బ కడతారు, ట్రాక్టరు గానీ మిలిటరీ బండి గానీ చదునైన వ్యాగను మీదనుంచి నేరుగా నడిచి నేల మీదికి దిగిపోవడానికి. పాత స్టేషన్లలో పిచ్చిమొక్కలు మొలిచి, ఎందుకు కట్టారో తెలియని ఒక వాలు దిబ్బ కనిపిస్తే, అది ఇదే కావచ్చు. దాని మీద పిల్లలు జారుడుబండ ఆడుకోవడమే మనకి తెలుసు.

మాచ్‌ఖండ్: ఎక్కించడం కాదు, దించడం

మన ప్రాంతంలో బరువుల చరిత్రలో పెద్ద అధ్యాయం మాచ్‌ఖండ్. డుడుమ జలపాతం దగ్గర జలవిద్యుత్ కోసం మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 1940ల్లో ఒప్పందానికి వచ్చాయి. పని పూర్తయ్యేసరికి మద్రాసు స్థానంలో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1955 ఆగస్టులో ప్రాజెక్టు ప్రారంభమైంది. మొదట 17 మెగావాట్ల యూనిట్లు మూడు, తర్వాత 21.25 మెగావాట్లవి మూడు, మొత్తం 114.75 మెగావాట్లు. మన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఈ ప్రాజెక్టు పనుల మీదే ఒనకడిల్లి, జోలాపుట్ చేరారు. ఓవర్సీర్లు, గుమాస్తాలు, ఫిట్టర్లు, కాంట్రాక్టర్లు, వాళ్ళకి భోజనం పెట్టిన హోటలు వాళ్ళు.

పవర్ హౌస్ లోయ అడుగున ఉంటుంది. నీరు ఎంత ఎత్తునుంచి పడితే అంత కరెంటు, కాబట్టి అది అడుగునే ఉండాలి. మరి జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, టర్బైన్లు పైనుంచి కిందికి ఎలా చేరాలి? కొండవాలు మీద పట్టాలు పరిచి, పైన వించ్ పెట్టి, ఉక్కు తాడుకి కట్టిన ట్రాలీని కిందికి దించే ఏర్పాటు అక్కడుంది. మాచ్‌ఖండ్‌లో పనిచేసినవాళ్ళ పిల్లలెవరినైనా అడగండి, వించ్ అనగానే కళ్ళు మెరుస్తాయి. ఉద్యోగులు కూడా దాని మీదే దిగి ఎక్కేవారు.

బరువుల పనిలో ఉన్నవాళ్ళు ఎక్కించడం కంటే దించడానికే ఎక్కువ భయపడతారు. ఎక్కేటప్పుడు మనం లాగడం ఆపితే బరువు ముందుకి కదలదు. దిగేటప్పుడు మనం ఆపినా బరువు ఆగకపోవచ్చు. అందుకే ఎక్కించడానికి లాగే చేతులు ముఖ్యం, దించడానికి పట్టే చేతులు ముఖ్యం. తాడుని ఒక దిట్టమైన గుంజకి రెండు మూడు చుట్లు తిప్పి కొంచెం కొంచెంగా వదలడం నేర్చుకున్న మనిషి లేకుండా బరువు దించేవారు కాదు. ఆ మనిషే గట్టు మీద పెద్ద.

జోలాపుట్ జలాశయం కింద మునిగిన ఊళ్ళ గురించి కూడా ఒక మాట. ఒరిస్సా వైపు మూడు వేలకు దగ్గరగా కుటుంబాలు నిర్వాసితులయ్యాయి. వాళ్ళలో పునరావాసం దక్కింది కొద్దిమందికే. సగానికి పైగా గిరిజనులు. మన ఇళ్ళల్లో ప్రాజెక్టు కాలనీ జ్ఞాపకాలు తియ్యగా ఉంటాయి. అదే నీటి అడుగున ఇంకొకరి ఊరుంది.

డోజర్లు, సాలూరు లారీలు

1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలైంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకి ఉమర్‌కోట్, మల్కన్‌గిరి వైపు భూములిచ్చి స్థిరపరచడం దాని ఉద్దేశం. అడవి కొట్టి నేల చదును చేయడానికి బుల్డోజర్లు, పెద్ద ట్రాక్టర్లు దిగాయి. గొలుసు చక్రాల బండి తారురోడ్డు మీద నడిస్తే రోడ్డు చెడుతుంది, గొలుసూ అరుగుతుంది. అందుకే దాన్ని ఒక చోటినుంచి ఇంకో చోటికి ట్రైలరు మీదో, పెద్ద లారీ మీదో తీసుకెళ్ళాలి. పది పన్నెండు టన్నుల దాన్ని చెక్క పలక మోయలేదు. అప్పుడు డోజరు తన ర్యాంపు తనే కట్టుకుంటుంది. ముందున్న బ్లేడుతో మట్టిని నెట్టి, తొక్కి, గట్టిపరచి, లారీని ఆ దిబ్బకి ఆనించి నిలబెడితే మీదికి నడిచిపోతుంది. దిగేచోట మళ్ళీ గట్టు వెతుక్కోవాలి. కొత్త రోడ్డు పని మొదలయ్యే చోట ముందు గట్టు ఎక్కడుందో చూసేవారు, తర్వాతే గుడారం.

రోడ్డు రోలరుది ఇంకో తంటా. ఎనిమిది పది టన్నుల బరువు, నున్నటి ఉక్కు చక్రాలు. ఇనప పలక మీద ఎక్కిస్తే ఉక్కు మీద ఉక్కు జారుతుంది, తడిగా ఉంటే మరీను. మట్టి దిబ్బ మీద అయితే చక్రం కొంచెం దిగబడి పట్టు దొరుకుతుంది. అందుకే చాలాసార్లు రోలరుని లారీ ఎక్కించకుండా, మనిషి నడిచేంత వేగంతో రోడ్డు మీదే నడిపించుకుంటూ పోయేవారు. ఘాటీలో రోలరు వెనక ఇరుక్కున్న బస్సులో కూర్చున్నవాళ్ళకి ఆ వేగం ఎంతో బాగా తెలుసు.

ఇక సాలూరు. ఆ చిన్న ఊరు లారీల ఊరుగా ఎందుకైంది? ఘాటీ పాదం దగ్గర ఉంది, విశాఖపట్నం రేవుకీ, రాయపూర్‌కీ మధ్య దారిలో ఉంది. టెల్కో వాళ్ళు 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ లారీలు తయారుచేయడం మొదలెట్టాక లారీ కొనడం మధ్యతరగతి వ్యాపారికి అందే పని అయ్యింది. సాలూరులో లారీ బాడీ కట్టే షెడ్లు వెలిశాయి. సునాబెడలో 1964లో హెచ్‌ఏఎల్ మిగ్ ఇంజన్ల ఫ్యాక్టరీ వచ్చింది, 1960ల్లోనే జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడానికి కొత్తవలస–కిరండూల్ రైలు లైను పడింది. దమన్‌జోడిలో 1980ల్లో నాల్కో వచ్చింది. పనులకి సామాను చేరవేయడంలో సాలూరు లారీకి, మన డ్రైవర్లకి, క్లీనర్లకి చేతినిండా పని దొరికింది.

ఆ కొత్తవలస–కిరండూల్ లైను కూడా వాలే. 58 సొరంగాల మీదుగా ఎక్కే ఆ లైనులో 60 అడుగుల దూరానికి ఒక అడుగుని మించకుండా వాలు పెట్టారు, ఎందుకంటే వాలు నిటారయ్యేకొద్దీ ఇనప చక్రానికి ఇనప పట్టా మీద బరువు లాగడం కష్టమవుతుంది. లారీ పలక మూడుకి ఒకటి, పట్టాల మీద అరవైకి ఒకటి. దేని పట్టు దానిది.

కళాసీలు

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. ఈ పనివాళ్ళని మన వైపు కళాసీలు అంటారు. ఆ మాట ఓడల నుంచి వచ్చింది. ఓడలో తాళ్ళు, తెరచాపలు, కప్పీలు చూసే నావికుడే ఖలాసీ. ఓడ మీద నేర్చిన తాడు విద్య రేవు గట్టుకి దిగింది, అక్కడినుంచి రైలుకి, రైలు నుంచి ఘాటీకి. రైల్వేలో చాలాకాలం ఖలాసీ అన్నది ఒక ఉద్యోగం పేరు కూడా. తర్వాత దాన్ని హెల్పర్ అని మార్చారు.

కేరళలో బేపూర్ మాప్పిళ ఖలాసీల పేరు దేశమంతా విన్నది. 1988 జులైలో పెరుమణ్ దగ్గర రైలు అష్టముడి సరస్సులో పడినప్పుడు పెట్టెల్ని బయటికి తీయడంలో వాళ్ళ పనితనాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన వైపు పనిచేసిన వాళ్ళకి అలాంటి పేరు రాలేదు. మా ఇంట్లో ఒక పాత ఫోటో ఉంది. కొత్త ఇంజనుకి పసుపు, కుంకుమ, పూలదండ. పక్కన కుర్చీల్లో పెద్దమనుషులు. ఇంజను కింద దుంగలు ఇంకా తీయలేదు, ఫోటోలో స్పష్టంగా కనిపిస్తాయి. దుంగలు పెట్టినవాళ్ళు మాత్రం లేరు. ఆ పూట కూలి ఎంత, ఎంతమంది వచ్చారు అన్న వివరం చిట్టా పుస్తకంలో ఒకే మాటగా ఉంది, "ఇంజను దింపుడు ఖర్చు" అని.

దెబ్బ తగిలితే? కార్మికుల నష్టపరిహార చట్టం 1923లోనే వచ్చింది. కానీ అందులో కార్మికుడు అంటే ఎవరు అన్న నిర్వచనంలో ఒక మెలిక ఉండేది. యజమాని వ్యాపారానికి సంబంధించని తాత్కాలిక పనికి వచ్చిన మనిషి ఆ లెక్కలోకి రాడు. ఇంటికి వచ్చిన యంత్రాన్ని ఒక్క పూట దింపి పోయే కూలీని ఆ మెలిక పట్టేసుకుంటుంది. పలక జారి కాలు నలిగినవాడికి చేతిలో పెట్టిన పది రూపాయలు దయే గాని హక్కు కాదు. ఆ మినహాయింపుని తీసేసింది 2000 సంవత్సరం సవరణ. డెబ్బై ఏడేళ్ళు పట్టింది. మన మిల్లులు, మన ఇళ్ళు, మన గుళ్ళు చాలావరకు ఆ డెబ్బై ఏడేళ్ళలో వచ్చినవే.

దేవుడికీ వాలే

ఒడిశాలో ఉన్నాం గనక ఇది చెప్పకుండా ఉండలేను. పూరీ రథయాత్రలో విగ్రహాలని రథం మీదికి ఎత్తి పెట్టరు. కొబ్బరి మొద్దులతో కట్టిన వాలు మీదుగా, పహండిలో ఊగిస్తూ ఎక్కిస్తారు, దించుతారు. ఆ వాలుని చారమాల అంటారు. కోరాపుట్ శబర శ్రీక్షేత్రంలో రథయాత్రకి మనవాళ్ళు ఏటా వెళ్తూనే ఉంటారు, ఈసారి ఆ పని ఎలా జరుగుతుందో కూడా గమనించండి. 2024 జులై 9న పూరీలో గుండిచా గుడి దగ్గర బలభద్రుడిని రథం నుంచి దించుతుండగా విగ్రహం ఆ వాలు మీద ఒరిగింది, కొందరు సేవకులు గాయపడ్డారు. వందల ఏళ్ళ అలవాటున్న చేతులు. అయినా దించేటప్పుడే జరిగింది. మాచ్‌ఖండ్ వించ్ దగ్గర చెప్పుకున్న మాటే ఇక్కడా.

ఇప్పుడు

ఇప్పుడు హైడ్రా క్రేను ఫోను చేస్తే వస్తుంది. జేసీబీ అయితే తన బకెట్‌నే చెయ్యిలా లారీ తొట్టిలో ఆనించి ఒళ్ళు పైకి లేపుకుని ఎక్కేస్తుంది. చూడ్డానికి సర్కసులా ఉంటుంది, బోల్తా పడితే ఆపరేటరు అందులోనే ఉంటాడు. అది చూసి మురిసిపోకండి, పిల్లలకి చూపించి మెచ్చుకోకండి.

అయినా ర్యాంపు పోలేదు. పొలాల్లో పవర్ టిల్లరుని మినీ లారీ ఎక్కించాలన్నా, అమెరికాలో ఉన్న మన పిల్లలు గడ్డి కోసే బండిని పికప్ ట్రక్కులోకి తోయాలన్నా కావలసింది రెండు పలకలే. చెక్క బదులు అల్యూమినియం. ఆ అల్యూమినియం మూలం బాక్సైటు. పంచపట్‌మలి కొండ మీద తవ్విన బాక్సైటు 14.6 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు మీద దమన్‌జోడికి దిగుతుంది. అదీ ఒక వాలే, కాకపోతే మనుషులు లేని వాలు.

పాతవాళ్ళు నోటితో చెప్పుకున్న జాగ్రత్తలు ఇప్పటికీ మారలేదు. మా పెదనాన్న లెక్కపెట్టి చెప్పినవి ఇవి.

పలక పై కొసని లారీకి గొలుసుతో కట్టాలి. చక్రం పైకి ఎక్కుతూ పలకని వెనక్కి తన్నుతుంది, కట్టకపోతే జారేది అప్పుడే.

లారీ చక్రాలకి ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టాలి. హ్యాండ్ బ్రేకు ఒక్కదాన్నే నమ్మకూడదు.

లారీ వెనక భాగం కింద దిమ్మ పెట్టాలి. బరువు అంచు మీదికి రాగానే కమానులు దిగి తోక కుంగుతుంది, ముందు చక్రాలు తేలుతాయి, పలక వాలు ఒక్కసారిగా మారిపోతుంది.

పలక అంచు దాటే క్షణమే గండం. అంతదాకా వెనక్కి ఒరిగిన యంత్రం ఒక్క ఊపులో ముందుకి వాలుతుంది. అక్కడ వేగం పెంచకూడదు.

పవర్ టిల్లరుని వాలు మీద క్లచ్చుతో తిప్పకూడదు. దిగేటప్పుడు కుడి క్లచ్చు నొక్కితే అది ఎడమకి తిరగవచ్చు. నేల మీదే సూటిగా నిలబెట్టుకుని, హ్యాండిలు పట్టుతోనే నడిపించాలి.

అన్నిటికంటే ముఖ్యం, యంత్రానికి కింది వైపున మనిషి ఉండకూడదు. "జారితే పట్టుకుంటాను" అనే వాడిని ముందు పక్కకి పంపాలి. టన్ను బరువుని ఎవరూ పట్టుకోలేరు.

ఈ జాగ్రత్తల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి కాలో, వేలో పోయాక నేర్చుకున్నదే అయి ఉంటుంది. మీ ఇంట్లో పాత చిట్టాలు, మిల్లు ఫోటోలు ఉంటే ఒకసారి దుమ్ము దులిపి చూడండి. "దింపుడు", "ఎక్కుడు", "కళాసీ కూలి" అన్న పద్దు ఎక్కడైనా కనిపిస్తే ఆ పేజీ ఫోటో తీసి దాచండి. ఇంట్లో ఎనభై దాటిన తాతయ్యో, నాన్నమ్మో ఉంటే, మిల్లు ఎవరు పెట్టారని మళ్ళీ అడగక్కర్లేదు, అది వందసార్లు విన్నదే. ఇంజను వచ్చిన రోజు తాడు ఎవరు పట్టుకున్నారో అడగండి. ఒక్క పేరు దొరికినా, దాన్ని వంశవృక్షం పక్కనే రాసిపెట్టండి.